ఇరవై నాలుగు గంటల నొప్పి: అపెండిసైటిస్ గురించి తెలుసుకోవాల్సింది

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ‘అపెండిసైటిస్’ అంటే కొందరు పెద్దవాళ్లకు అర్థం కాకపోవచ్చు. ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అనండి, వెంటనే తెలిసిపోతుంది. ఫలానా వాళ్ల అబ్బాయికి వచ్చిందని, రాత్రికి రాత్రే తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోయారని, పొట్ట కోసి తీశారని ఒక కథ కూడా చెబుతారు. పాఠ్యపుస్తకాల్లో అపెండిక్స్‌కు ‘ఉండుకం’ అనే పేరుంది గానీ అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. జనం నోట నిలిచింది ఈ గంటల లెక్కే.

ఆ లెక్కను జనం రెండు రకాలుగా అర్థం చేసుకుంటున్నారు. ఒక్క రోజు దాటితే మనిషి దక్కడని కొందరి భయం. ఒక్క రోజు ఓర్చుకుంటే నొప్పి దానంతట అదే పోతుందని మరికొందరి ధైర్యం. భయపడినవాళ్లు టెన్షన్ పడుతూ ఆసుపత్రికి పరుగెత్తుతారు, దానివల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు. ఆందోళన అంతా రెండోవాళ్ల గురించే. వాము నీళ్లు తాగి, ఒక సూది వేయించుకుని, రెండో రాత్రి కూడా ఇంట్లోనే గడిపేది వాళ్లే. చాలా కేసుల్లో నొప్పి తన అసలు రూపం చూపించడానికి పట్టే సమయం ఆ ఒక్క రోజు. ఆ రోజులో నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో ఇంట్లోవాళ్లు గమనించి డాక్టరుకు చెప్పగలిగితే, జబ్బు గుర్తుపట్టే పని సగం అయిపోయినట్టే.

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేది పొట్టకు కుడివైపు అడుగున. అక్కడ పెద్దపేగు ఒక సంచిలా మొదలవుతుంది. ఆ సంచికి వేలాడే సన్నని గొట్టం అపెండిక్స్. చాలామందిలో దాని పొడవు 5 నుంచి 10 సెంటీమీటర్లు, లావు పెన్సిల్ కంటే కాస్త తక్కువ. ఒక కొన పేగులోకి తెరుచుకుని ఉంటుంది, రెండో కొన మూసుకుని ఉంటుంది. తెరిచి ఉన్న ఆ ఒక్క దారి మూసుకుపోతే లోపల ఊరే జిగురుకు బయటికి పోయే వీలుండదు. ఒత్తిడి పెరుగుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, గోడ వాస్తుంది. ఆ వాపే అపెండిసైటిస్. వాపు బాగా పెరిగాక గోడకు రక్తం అందడం తగ్గి, అది కుళ్లి, చివరికి చిల్లు పడుతుంది.

దారి మూసేది చాలాసార్లు గట్టిపడిన మలం ఉండ. పిల్లల్లో, యువకుల్లో ఏదైనా ఇన్ఫెక్షన్ వల్ల గొట్టం గోడలో ఇన్ఫెక్షన్లతో పోరాడే లింఫ్ కణజాలం ఉబ్బి దారి మూసుకోవచ్చు. నులిపురుగులు, కణితులు కారణం కావడం అరుదు. చాలామందిలో ఫలానా కారణమని తేలదు కూడా. జామ గింజలు మింగితే అపెండిక్స్‌లో ఇరుక్కుంటాయని పిల్లల్ని బెదిరించే అలవాటు మన ఇళ్లలో ఉంది. అలా జరిగిన సందర్భాలు అతి తక్కువ. జామకాయ మానిపించాల్సిన పని లేదు.

పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ప్రతి వంద మందిలో ఏడెనిమిది మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. ఏ వయసులోనైనా రావచ్చు గానీ పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువ. తిరుపతి లాంటి చదువుల ఊరికి ఇది ముఖ్యమైన సంగతి. యూనివర్సిటీలు, కాలేజీలు, కోచింగ్ సెంటర్ల చుట్టూ హాస్టళ్లలో ఉండేది సరిగ్గా ఈ వయసు పిల్లలే, అదీ అమ్మానాన్నలకు దూరంగా.

అరచెయ్యి నుంచి వేలి దాకా

అలాంటి హాస్టల్లో ఉండే ఒక పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని ఊహించుకుందాం. రాత్రి భోజనం చేసి పడుకున్నాడు. పదకొండు గంటలకు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు మొదలైంది. ఎక్కడ్రా నొప్పి అంటే చోటు చూపించలేడు, అరచేతిని బొడ్డు మీద గుండ్రంగా తిప్పుతాడు. ‘‘గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగు’’ అంటాడు పక్క మంచం వాడు. తాగుతాడు. రెండు గంటలకు వాంతి. పొద్దున మెస్‌లో పూరీ పెట్టినా ఆ వాసనే పడదు, తట్ట ముట్టుకోకుండా లేచి వస్తాడు. మధ్యాహ్నానికి బొడ్డు దగ్గర నొప్పి తగ్గి, కుడివైపు కిందికి దిగుతుంది. ఇప్పుడు ఎక్కడ అంటే ఒకే ఒక్క వేలు పెట్టి చూపిస్తాడు. ఒళ్లు కొంచెం వెచ్చబడింది. గది నుంచి బయటికి వస్తుంటే నడుం కొంచెం ముందుకు వంచి, కుడిచెయ్యి పొట్టకు అదిమిపెట్టుకుని, అడుగు చిన్నగా వేస్తాడు. స్నేహితుడి బైకు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర ‘అమ్మా’ అని భుజం గట్టిగా పట్టుకుంటాడు.

అరచేతితో చూపించినవాడు వేలితో చూపించడానికి శరీరంలో స్పష్టమైన కారణం ఉంది. పేగుల నుంచి వెళ్లే నొప్పి నరాలకు చోటు సరిగ్గా చెప్పే శక్తి లేదు. అపెండిక్స్ నుంచి వచ్చే సంకేతాలు, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అందుకే మెదడు దాన్ని బొడ్డు నొప్పిగా అనుకుంటుంది. వాపు ముదిరి, పొట్ట లోపలి గోడకు అతుక్కుని ఉండే పెరిటోనియం అనే పొరను తాకాక పరిస్థితి మారుతుంది. ఆ పొర నరాలు చోటును కచ్చితంగా చెబుతాయి. అప్పటి నుంచి నొప్పి కుడివైపు కింద కుదురుకుంటుంది. ఆ పొర కదిలితే నొప్పి ఎక్కువవుతుంది కాబట్టే దగ్గినా, మెట్టు దిగినా, బండి ఎగిరినా ప్రాణం విలవిల్లాడుతుంది. బ్రిటన్‌లో 2012లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో, అపెండిసైటిస్ అని నిర్ధారణ అయిన 34 మందిలో 33 మంది స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు నొప్పి పెరిగిందని చెప్పారు. వేరే జబ్బులున్నవాళ్లలోనూ చాలామందికి అలా పెరిగింది, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కుదుపులకు నొప్పి ఏమాత్రం పెరగకపోతే మాత్రం అపెండిసైటిస్ అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. చిన్న పిల్లలైతే తొక్కుడుబిళ్లలోలాగా కుడికాలి మీద కుంటమని అడిగితే చాలు. ఆ నొప్పి ఉన్న పిల్లలు ఒక గెంతు వేసి ఆగిపోతారు.

ఇందులో వరుస కూడా గమనించాలి. మామూలుగా ముందు నొప్పి, తర్వాత వాంతి. ముందు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆ తర్వాత నొప్పి వస్తే తిన్నది పడకపోవడం లాంటి కారణమే ఎక్కువసార్లు ఉంటుంది. జ్వరం సాధారణంగా మొదట్లో ఉండదు, ఉన్నా తక్కువే. బాగా ఆకలి వేస్తోందని అడిగి తినే మనిషికి అపెండిసైటిస్ ఉండటం అంత మామూలు విషయం కాదు.

నొప్పిని దేనిమీదికో తోసేయడం

ఆలస్యానికి ఎక్కువగా కారణమయ్యేది కడుపునొప్పికి అప్పటికే ఒక సంజాయిషీ సిద్ధంగా ఉండటం. మామిడికాయల కాలంలో ఏ నొప్పి వచ్చినా ‘కాయలు తిని వేడి చేసింది’ అంటారు. నాటుకోడి పులుసుతో సంగటి తిన్న మర్నాడైతే అరగలేదంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు చేరిన భక్తుడికి పొట్టలో నొప్పి వస్తే, మెట్లు ఎక్కినందుకు కండరాలు పట్టేశాయని తనకు తానే చెప్పుకుంటాడు. ఖాళీ కడుపుతో నడిచాను, నీళ్లు తాగలేదు, క్యూలో నిలబడ్డాను అంటూ కారణాలు దొరుకుతూనే ఉంటాయి. దర్శనం అయ్యాక చూద్దాం అనిపించడం కూడా అర్థం చేసుకోదగ్గదే, ఎంత దూరం నుంచి వచ్చి ఉంటారో! అయినా కండరాల నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకు దిగదు, వాంతిని వెంటబెట్టుకుని రాదు. కొండమీద ఉన్నప్పుడు ఇలా జరిగితే అశ్విని ఆసుపత్రి అక్కడే ఉంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సులో కూర్చుని తిరుపతిలో చూపించుకుందాంలే అనుకోవడం కంటే ముందు అక్కడ చూపించుకోవడం మేలు.

ఆడపిల్లల విషయంలో ఆలస్యం ఇంకో రకంగా జరుగుతుంది. నెలసరి నొప్పేలే అని ఇంట్లో మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. ఆ పిల్లకు తన నెలసరి నొప్పి ఎలా ఉంటుందో అందరికంటే బాగా తెలుసు. ‘ఇది ఎప్పుడూ వచ్చేలాంటిది కాదమ్మా’ అని తను అన్నదంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి. అండాశయం మెలిపడటం, పెళ్లయినవాళ్లలో గర్భం ట్యూబులో నిలవడం కూడా ఇదే చోట నొప్పి పెడతాయి, రెండూ అత్యవసరమే. అందుకే ఆ వయసు స్త్రీకి కడుపునొప్పి వస్తే డాక్టర్లు గర్భ పరీక్ష చేయిస్తారు. దాన్ని తప్పుగా తీసుకోకూడదు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తొచ్చే ప్రాంతం ఇది. చేత్తో పట్టి సరిచేసే వైద్యం మీద ఇక్కడి జనానికి నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకంతోనే కొందరు పొట్టకు నూనె రాసి గట్టిగా పిసికిస్తారు, విరేచనం అయితే బరువు దిగుతుందని ఆముదం తాగిస్తారు, వేడినీళ్ల బాటిల్ పెడతారు. చిల్లు పడటానికి సిద్ధంగా ఉన్న గొట్టం మీద ఈ పనులేవీ చేయకూడదు. ఎనిమాలూ, విరేచనాల మందులూ పేగుల కదలికను పెంచి ప్రమాదాన్ని దగ్గర చేస్తాయి. నొప్పి మాత్రతో జబ్బు దాగిపోతుందని పూర్వం డాక్టర్లే భయపడేవారు, ఇప్పుడు ఆసుపత్రుల్లో పరీక్షించే ముందే నొప్పి తగ్గించే మందు ఇస్తున్నారు, నిర్ధారణకు అది అడ్డు రాదని తేలింది. ఊళ్లో సూది వేయించుకోవడంలో అసలు చిక్కు మందులో లేదు. నొప్పి తగ్గిందని ఇంటికి పోయి పడుకోవడంలో ఉంది.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గంటల తరబడి తీవ్రంగా ఉన్న నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే అది శుభవార్త కాకపోవచ్చు. అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి రోగికి హాయిగా అనిపిస్తుంది. కాసేపటికి చీము పొట్టంతా పాకి, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది, జ్వరం ఎక్కువవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. చిల్లు పడే ప్రమాదం మొదటి రోజు కంటే రెండో రోజు, రెండో రోజు కంటే మూడో రోజు పెరుగుతూ పోతుంది.

అందరిలోనూ నొప్పి ఈ వరుసలో రాదు. చాలామందిలో అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కుని ఉంటుంది, అప్పుడు నొప్పి నడుం పక్కన తెలుస్తుంది. కిందికి, కటి భాగంలోకి వేలాడుతుంటే మూత్రం మాటిమాటికీ రావడం, కొద్దికొద్దిగా విరేచనాలు అవ్వడం కనిపిస్తాయి. యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకునేది ఇలాంటప్పుడే. గర్భిణుల్లో నెలలు నిండేకొద్దీ గర్భసంచి అపెండిక్స్‌ను పైకి నెట్టవచ్చు. అందుకే వాళ్లలో నొప్పి మామూలు చోటు కంటే పైన తెలియవచ్చు. ముసలివాళ్లలో జ్వరం, నొప్పి రెండూ తక్కువగా ఉండి మోసం చేస్తాయి. ఐదేళ్లలోపు పిల్లలు చెప్పలేరు, ఆసుపత్రికి చేరేసరికే చిల్లు పడి ఉండటం వాళ్లలో ఎక్కువ. గర్భిణుల్లో, ముసలివాళ్లలో, చిన్న పిల్లల్లో కడుపునొప్పి ఆరు గంటలు దాటి తగ్గకపోతే పుస్తకంలోని లక్షణాలు సరిపోయాయా లేదా అని చూడకుండా తీసుకుపోవడమే మంచిది.

ఎండలు మండే మన ప్రాంతంలో కిడ్నీ రాళ్ల నొప్పి కూడా మామూలే, అదీ కుడివైపు వస్తే తికమక పెడుతుంది. తేడా మనిషి పడుకునే తీరులో తెలుస్తుంది. రాయి కదిలినవాడు ఒక్కచోట ఉండలేడు, మంచం మీద దొర్లుతాడు, లేచి తిరుగుతాడు. అపెండిసైటిస్ ఉన్నవాడు మోకాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటాడు, పక్కకు తిరగమంటే విసుక్కుంటాడు.

సర్జన్ చెయ్యి, స్కానింగ్

బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొన దాకా ఒక గీత ఊహించుకుంటే, ఎముక వైపు నుంచి మూడోవంతు దూరంలో ఉండే చోటును మెక్‌బర్నీ పాయింట్ అంటారు. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో దాన్ని వివరించాడు. అంతకు మూడేళ్ల ముందు, 1886లో, బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు ‘అపెండిసైటిస్’ అని పేరు పెట్టి, ఆపరేషనే దీనికి మందు అని వాదించాడు. ఇప్పటికీ సర్జన్ ముందుగా ఆ చోటునే నెమ్మదిగా అదుముతాడు. నొప్పి లేని ఎడమవైపు నుంచి మొదలుపెట్టి, రోగి ముఖం చూస్తూ వేళ్లను కుడివైపుకు తెస్తాడు. ఎడమవైపు నొక్కినా కుడివైపే నొప్పి పుట్టవచ్చు. నొక్కిన చెయ్యి తీసేటప్పుడు నొప్పి ఎక్కువైతే పెరిటోనియం వాచిందని అర్థం.

ఆ తర్వాత రక్తంలో తెల్లకణాల లెక్క చూస్తారు. నొప్పి దారి, ఆకలి లేకపోవడం, వాంతి, జ్వరం, నొక్కితే నొప్పి, తెల్లకణాలు, వీటన్నిటికీ మార్కులు వేసి పదికి ఎన్ని వచ్చాయో చూసే పద్ధతి ఒకటుంది, అల్వరాడో స్కోరు. 1986 నుంచి వాడుకలో ఉంది. మార్కులు తక్కువైతే జాగ్రత్తలు చెప్పి పంపవచ్చు, మధ్యలో ఉంటే స్కానింగ్ తప్పదు. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ 6 మిల్లీమీటర్ల కంటే లావుగా, నొక్కినా అణగకుండా కనిపిస్తే వాచినట్టే. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని రిపోర్టులో రాస్తే జబ్బు లేదని అర్థం కాదు. గ్యాస్ అడ్డం రావడం వల్లో, వెనక దాగి ఉండటం వల్లో చూడలేకపోయారని అర్థం, అంతే. అనుమానం మిగిలితే సీటీ తీస్తారు, అది ఇంకా కచ్చితం. గర్భిణులకు సీటీ బదులు ఎమ్మారై తీయడం మేలు.

ఏ ఆసుపత్రికి పోవాలన్న చర్చలోనే కొన్ని ఇళ్లలో పూట గడిచిపోతుంది. చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద జబ్బు అనగానే వేలూరు గుర్తొస్తుంది, తిరుపతి వైపు వాళ్లకు స్విమ్స్. ఈ ఆపరేషన్‌కు అంత పెద్ద ఆసుపత్రే కావాలని లేదు. సర్జరీల్లో చాలా మామూలుగా జరిగేవాటిలో ఇదొకటి. సర్జన్, మత్తు డాక్టర్ ఆ సమయానికి అందుబాటులో ఉన్న దగ్గరి ఆసుపత్రి చాలు. రుయా అయినా, చిత్తూరు ప్రభుత్వాసుపత్రి అయినా, శ్రీకాళహస్తి, పలమనేరు ఏరియా ఆసుపత్రులైనా ముందు ఫోన్ చేసి ఆ ఒక్క సంగతి కనుక్కోవాలి. బండి లేకపోతే 108 ఉంది. ప్రైవేటులో చేరేవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, అక్కడ ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ఆ పథకం సహాయకుడైన ఆరోగ్యమిత్రను చేరే ముందే అడగాలి. దారిలో కాఫీ, కొబ్బరినీళ్లు తాగించకూడదు, మత్తు ఇవ్వాల్సి వస్తే ఖాళీ కడుపు అవసరం.

కత్తా, మందులా

ఎక్కువ మందికి ఇప్పటికీ ఆపరేషనే చేస్తున్నారు. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ తీసేయడం ల్యాప్రోస్కోపీ పద్ధతి. జర్మనీకి చెందిన కర్ట్ జెమ్ 1980లో ఈ దారిన తొలిసారి అపెండిక్స్‌ను తీశాడు. నొప్పి తక్కువ, మామూలు కేసులో ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ల్యాప్రోస్కోపీ లేనిచోట కుడివైపు కింద చిన్న కోత పెట్టి తీస్తారు, అదీ మంచి ఆపరేషనే. దానికోసం ఇంకో ఊరికి పోయి ఒక రాత్రి పోగొట్టుకోనక్కరలేదు.

కత్తి లేకుండా యాంటీబయాటిక్స్‌తోనే తగ్గించే పద్ధతి మీద గట్టి పరిశోధనలు వచ్చాయి. ఫిన్లాండ్‌లో జరిగిన పరిశోధనలో మందులతో నయమైనవాళ్లను ఐదేళ్లు గమనిస్తే, నూటికి 39 మందికి జబ్బు తిరగబెట్టింది. అమెరికాలో 2020లో వెలువడిన ఫలితాల్లో పది మందిలో ముగ్గురికి మూడు నెలల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గొట్టంలో మలం ఉండ ఉన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అంటే చిల్లు పడని, ఉండ లేని కేసుల్లో మందుల దారి నిజమైన అవకాశమే. గుండె జబ్బు వల్ల మత్తు ప్రమాదమైనవాళ్లకు అది వరం. అయితే మళ్లీ నొప్పి వస్తే అరగంటలో ఆసుపత్రికి చేరగలిగే ఊళ్లో ఉన్నవాళ్లకు, కుప్పం అడవుల పక్క పల్లెలో ఉన్నవాళ్లకు ఈ నిర్ణయం ఒకటే కాదు. బస్సు రెండు పూటలే వచ్చే ఊరైతే ఆపరేషన్ చేయించుకోవడమే తెలివైన పని.

ఇక గంటల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఫిన్లాండ్, నార్వేల్లో జరిగి 2023లో వెలువడిన మరో పరిశోధనలో, చిల్లు పడని అపెండిసైటిస్‌కు ఎనిమిది గంటల్లో ఆపరేషన్ చేసినా, 24 గంటల్లో చేసినా చిల్లులు పడటంలో తేడా కనిపించలేదు. కాబట్టి రాత్రి చేరిన రోగికి పొద్దున ఆపరేషన్ చేస్తామని డాక్టర్ అంటే నిర్లక్ష్యమని గొడవ పడనక్కరలేదు. అక్కడ నోటికి ఏమీ ఇవ్వకుండా, సెలైన్ ఎక్కిస్తూ, యాంటీబయాటిక్స్ ఇస్తూ, గంటగంటకూ చూస్తూ గడిపే రాత్రి వేరు. ఇంట్లో ఆముదం తాగి గడిపే రాత్రి వేరు.

మూడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినవాళ్లలో ఒక్కోసారి చుట్టూ ఉన్న పేగులు, కొవ్వు పొర వచ్చి అపెండిక్స్‌ను కప్పేసి గడ్డలా కట్టేస్తాయి. అప్పుడు వెంటనే కోస్తే పేగులకు గాయమయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే మందులతో అణచి, చీము చేరితే సూదితో లాగేసి, అవసరమైతే ఆరు వారాల తర్వాత ఆపరేషన్ చేస్తారు. బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ 1902లో పట్టాభిషేకం ముందు ఇలాంటి స్థితికే చేరాడు. నొప్పి ఉన్నా వేడుక జరగాల్సిందేనని పట్టుబట్టాడు. చివరికి వేడుక వాయిదా వేసి జూన్ 24న ఆపరేషన్ చేసినప్పుడు, సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ అపెండిక్స్ జోలికి పోకుండా చీము మాత్రం తీసి ఊరుకున్నాడు. రాజు బతికాడు, ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు.

ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పథ్యం పెట్టడం మన అలవాటు. వంకాయ వద్దు, పప్పు వద్దు, చేప వద్దు అంటారు. చిల్లు పడని కేసులో కొన్ని గంటలకే నీళ్లు, మర్నాటికి ఇడ్లీ, జావ ఇస్తారు. పేగులు కదిలాక మామూలు తిండి తినవచ్చు. ఒక అవయవం తీసేశారే అన్న దిగులూ అక్కర్లేదు. మేలు చేసే బ్యాక్టీరియాకు అపెండిక్స్ ఒక దాపు అని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నా, అది లేనివాళ్లు మామూలుగానే బతుకుతున్నారు. ఇంటికొచ్చాక వారం లోపల మళ్లీ జ్వరం, పొట్ట ఉబ్బరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము కనిపిస్తే మాత్రం లోపల ఇన్ఫెక్షన్ మిగిలి ఉండొచ్చు, చెప్పిన తేదీ దాకా ఆగకూడదు. గడ్డ కట్టి మందులతో తగ్గినవాళ్లు నలభై ఏళ్లు దాటినవాళ్లైతే పెద్దపేగును కెమెరాతో చూపించుకోవాలి, ఆ చోట క్యాన్సర్ కూడా ఇలాగే మొదలుకావచ్చు. తీసిన అపెండిక్స్‌ను బయాప్సీకి పంపుతారు. వందలో ఒకరికి అందులో కణితి బయటపడుతుంది. ఆ రిపోర్టు డిశ్చార్జి నాటికి రాదు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లిన రోజున అడిగి తీసుకుని, డాక్టరుకు చూపించి, ఫైల్లో పెట్టుకోవాలి.